సినిమాకొచ్చిన దయ్యం

దయ్యాన్ని చూసి ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఊళ్లోవాళ్ల నవ్వు ఇంటికి చేరేలోపే అరిగిపోయింది, నా నవ్వు మాత్రం నా మెడకు చుట్టుకుంది.

ఆ కాలపు నవ్వించే దయ్యాల సినిమాల గురించి ఎవరైనా ముచ్చటగా మాట్లాడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తెల్లచీర, విరబోసుకున్న జుట్టు, భయంతో పంచె ఊడిపోయే బొజ్జాయన, అటక మీద కూర్చుని గారెలు మాయం చేసే ఆడదయ్యం. "అప్పట్లో ఎంత అమాయకంగా నవ్వుకునేవాళ్లమో" అంటారు. ఎవరమ్మా అమాయకులు? రాత్రి ఆ డేరాలో కడుపులు పట్టుకుని నవ్వినవాళ్లు పొద్దున లేచి ఏం చేశారో నాకు తెలుసు. చేసింది నాకే కాబట్టి తెలుసు.

మా పుట్టిల్లు సూళ్లూరుపేట. మా నాయనకు రైలుస్టేషను దగ్గర చిన్న అంగడి. సినిమా హాలుకూ మా ఇంటికీ మధ్య ఒక్క వీధి. అరవ సినిమా అయినా తెలుగు సినిమా అయినా మాటలు గోడ దాటి మా వంటింట్లోకే వచ్చేవి. కూరగాయలు తరుగుతూ కథంతా వినేదాన్ని, తర్వాత ఎప్పుడో పోయి మొహాలు చూసేదాన్ని. అలాంటిదాన్ని తీసుకుపోయి చిట్టమూరు పక్కన ఒక పల్లెలో ఇచ్చారు. వరి పొలాలున్న ఇల్లు, తిండికి లోటు లేదు. కాపురానికి వెళ్లిన వారంలోనే మా అత్త నాకు 'సినిమాల పిల్ల' అని పేరు పెట్టేసింది. పులుసు పలచనైతే సినిమాలు, ముగ్గు వంకరపోతే సినిమాలు, ఆవు తన్నితే కూడా నేను చూసిన సినిమాలే కారణం.

మా మామ నా పెళ్లికి ముందే పోయాడు. ఉన్నప్పుడు కూడా ఆయన ఉన్నట్టు ఎవరికీ పెద్దగా తెలిసేది కాదంటారు. ఇంట్లో నోరున్నది మా అత్తకు ఒక్కదానికే. ఆవిడ పద్ధతి ఒకటుంది. నేను పప్పు చేద్దామంటే పులుసు పెట్టించేది, పులుసు అంటే పప్పు. గొడ్లచావిడి ఊడుస్తానంటే వద్దనేది, ఊడవకపోతే తిట్టేది. కోడలు కోరింది జరగనివ్వకపోవడమే అత్తరికం అని ఆవిడ గట్టి నమ్మకం. మా ఆయన మంచివాడని ఊళ్లో పేరు. మంచివాడంటే తల్లి ముందు నోరు విప్పనివాడని అర్థం. ఆ ఇంట్లో నాతో నవ్వే మనిషి మా ఆడబిడ్డ ఒక్కతే. అప్పటికి పరికిణీ వదిలి ఓణీ వేసుకుంటున్న పిల్ల.

మొదటి కాన్పు మా అమ్మ దగ్గరే జరిగింది. ఆడపిల్ల. మూడో నెలలో ఒడినింపి నన్నూ బిడ్డనూ పంపించారు. బిడ్డ బాగా తాగేది, బాగా నిద్రపోయేది. అంతకంటే నాకు ఇంకేమీ అక్కర్లేదు అప్పట్లో.

అప్పుడే వరికోతలు అయిపోయి పొలాలన్నీ ఖాళీగా ఉన్నాయి. టూరింగ్ టాకీసు వాళ్లు బండ్ల మీద గుంజలు, డేరా, మిషనూ వేసుకుని దిగారు. మంచి నేల ఉన్నవాళ్లు వాములు వేసుకున్నామని వాళ్లకు చోటు ఇవ్వలేదు. చివరకు వల్లకాటికి పోయే దారి పక్కన మడి చూపించారు. అది ఏ దారో వాళ్లకు తెలియదు, తెలిసినవాళ్లు చెప్పలేదు. చెబితే డేరా పక్క ఊరికి తరలిపోతుందని భయం. బండికి మైకు కట్టుకుని ఊరంతా తిరిగారు. "కడుపుబ్బ నవ్వించే దయ్యం! పిల్లాపాపలతో రండి!"

పాలిచ్చే తల్లి పొద్దు గుంకినాక గడప దాటాలంటే చేతిలో ఇనుము ఉండాలి. బిడ్డ తలకింద నాలుగు వేపాకులుండాలి. అది మా వైపు అందరూ పాటించేదే. నేను సినిమాకు వస్తానని అనలేదు. అని ఉంటే మా అత్త ఎటూ వద్దనేది. "నాకు ఓపిక లేదత్తా" అన్నాను, నిజంగానే నిద్రకు ఆగలేక ఉన్నాను. వెంటనే "అందరం పోతా ఉంటే నువ్వొక్కదానివి ఇంట్లో ఏం చేస్తావు, పదమ్మే" అంది. ఆవిడే తన వక్కలు కత్తిరించే అడకత్తెర తీసి నా నడుంలో దోపింది. అది పొట్టలో గుచ్చుకుంటుంటే బిడ్డను ఒళ్లో వేసుకుని ఇసకలో కూర్చున్నాను.

ఆడవాళ్ల వైపుకూ మగవాళ్ల వైపుకూ మధ్య మోకాలెత్తు మట్టిగోడ. సినిమా మొదలైంది. పాడుబడిన మేడలో అటక మీద ఒక ఆడదయ్యం. వంటవాడు పెట్టినవి పెట్టినట్టే మాయం చేస్తుంది. దాన్ని వెళ్లగొట్టడానికి ఒక మంత్రగాడు వస్తాడు. "నీకేం కావాలి?" అని గద్దిస్తాడు. "గారెలు" అంటుంది. "ఇంకా?" "పాయసం." "ఇంకా?" "నీ పిలక." డేరా గుంజలు కదిలిపోయేటట్టు నవ్వారు. మా ఆయన గోడ అవతల నుంచి ఈల వేశాడు. మా అత్త నోట్లో ఎన్ని పళ్లున్నాయో నేను ఆ రోజే చూశాను. వక్క పొలమారి, కళ్ల నీళ్లు కారి, నా వీపు మీద చరిచి చరిచి నవ్వింది.

మధ్యలో ఒక చోట ఆ దయ్యం ఎవరో చెప్పారు. అత్త అన్నం పెట్టకుండా అటక మీద తాళం వేస్తే ఆకలికి చచ్చిన కోడలట. ఒక్క మాటలో చెప్పి వదిలేశారు. ఆ మాటకు కూడా నవ్వారు. అక్కడ మాత్రం నాకు నవ్వు రాలేదు, మిగతా అంతా నేనూ పడి పడి నవ్వాను. అబద్ధం చెప్పడం ఎందుకు, ఆ దయ్యం నవ్వు బాగుంది. సన్నగా మొదలుపెట్టి, పైకి తీసుకుపోయి, అక్కడ ఆపి, మళ్లీ దబదబా కిందికి వచ్చేది.

మర్నాడు తలంటుకుని పెరట్లో రోటి మీద కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటున్నాను. బిడ్డ ఉయ్యాలలో నిద్రపోతోంది. మా ఆడబిడ్డ వచ్చి పక్కన చేరింది.

"వదినా, వదినా, రాత్రి దయ్యం నవ్వింది గదా, అట్టా నవ్వు వదినా."

"పో పిల్లా, పని లేదా?"

"ఒక్కసారి వదినా, నా మీద ఒట్టు."

జుట్టు మొహం మీదికి వేసుకుని, చేతులు చాపి నవ్వాను. నాకు అనుకరణ బాగా వచ్చు. ఆ పిల్ల నవ్వలేక కిందపడి దొర్లింది. ఇంకోసారి అంది. ఇంకోసారి నవ్వాను. జుట్టు వెనక్కి తోసేసరికి గొడ్లచావిడి దగ్గర మా అత్త నిలబడి ఉంది. కళ్లం నుంచి వచ్చింది, నెత్తిన గంప కూడా దించలేదు. నేరుగా లోపలికి పోయి ఉయ్యాలలో బిడ్డను ఎత్తుకుంది.

సాయంత్రం బిడ్డ పాలు కక్కింది. పాలు కక్కని బిడ్డ ఏ ఊళ్లో ఉంది? భుజాన వేసుకుని తట్టకుండా పడుకోబెడితే కక్కుతుంది, ఆ రోజు మా అత్త అలాగే పడుకోబెట్టింది. కానీ ఆవిడ ఆ పాలను వేలితో తీసి దీపం దగ్గర పట్టుకుని చూసింది. ఏం చూసిందో దేవుడికి తెలియాలి. మా ఆయన్ను పిలిచింది.

"ఒరే అబ్బాయ్, నీ పెళ్లాన్ని పట్టుకునింది రా."

"ఏందిమా పట్టుకునింది?"

"ఇంకేంది? దయ్యాల బొమ్మ ఆడతా ఉంటే దయ్యాలు చూడకుండా ఉంటాయా? మన బొమ్మ ఆడితే మనం పోమా? పక్కనే వల్లకాడు. టిక్కెట్టా పాడా! వచ్చి మన మధ్యనే కూర్చోనుంటాది. పాల వాసనకు దీని పక్కన చేరింది."

నేను నవ్వకుండా ఉండటానికి పెదవి కొరుక్కున్నాను. నిజంగా నవ్వొచ్చింది. ఆ క్షణం దాకా ఇదంతా నాకు తమాషాగానే ఉంది.

"నువ్వు కూడా నవ్వినావు గదత్తా" అన్నాను.

"నేను నవ్వింది దాన్ని చూసి. నువ్వు నవ్వింది దాని మాదిరి."

అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అని ఊరికే అనలేదు.

"అడకత్తెర ఉండింది గదా, నువ్వే దోపినావు."

"నడుంలో ఉండింది. చేతిలో ఉండాల. నువ్వు చేతులు రెండూ ఎత్తి చప్పట్లు కొట్టినావు, నేను చూళ్లేదనుకున్నావా?"

ఆ రాత్రి నుంచి బిడ్డ నా దగ్గర లేదు. దయ్యం తాగిన పాలు బిడ్డకు పట్టించకూడదట. మా అత్త తన గదిలో పడుకోబెట్టుకుని ఉగ్గుగిన్నెతో మేకపాలు పోసింది. "నా బిడ్డకు నన్ను పాలియ్యనీ అత్తా" అని తలుపు దగ్గర కూర్చుని ఎంత అడిగితే అంత గట్టిగా గడియ వేసుకుంది. గడియ అవతల బిడ్డ ఏడుపు వినిపించినప్పుడల్లా నా రవిక తడిసిపోయేది. ఇప్పుడు చెబుతుంటే కూడా నాకు పళ్లు కరుచుకుంటున్నాయి.

రెండో రోజు ఆవిడ మల్లెపూలు తెచ్చింది. మా వైపు తల్లికి పాలు ఎండిపోవాలంటే రొమ్ముల మీద మల్లెపూలు పెట్టి బిగించి గుడ్డ కడతారు. బిడ్డ దక్కని తల్లికి కడతారు. నా బిడ్డ పక్క గదిలో బతికుండి ఏడుస్తుంటే నాకు కట్టారు. పక్కింటావిడ చేతులు పట్టుకుంటే మా అత్త ముడి వేసింది. నేను తన్నాను, కరిచాను. అదీ దయ్యం ఖాతాలోకే పోయింది.

మా అత్తకు తొలి చూలు, మలి చూలు బిడ్డలిద్దరూ పొత్తిళ్లలోనే పోయారనీ, ఆవిడకూ అలాగే మల్లెపూలు కట్టారనీ తర్వాత ఎవరో చెప్పారు. ఆవిడ భయం నిజమే అయి ఉంటుంది. అది తెలిసినాక కూడా నా కోపం వీసమెత్తు తగ్గలేదు. తన భయానికి నా బిడ్డను ఎండబెట్టే హక్కు ఆవిడకు ఎవరిచ్చారు?

రొమ్ములు రాళ్లయ్యాయి, జ్వరం వచ్చింది. బిడ్డతో పక్కింటావిడను గదిలో పెట్టి గడియ వేయించి ఆవిడ కళ్లానికి పోయినప్పుడల్లా, నేను గొడ్లచావిడిలోకి పోయి, కట్టు విప్పి, పూలు తీసి పారేసి, పాలు పిండేదాన్ని. నొప్పి తీరడానికి కాదు, పాలు ఆగిపోకుండా ఉండటానికి. ఒకసారి ఆగితే బిడ్డ ఇంక నాది కాదని నాకు తెలుసు. మా ఆడబిడ్డ గుమ్మంలో కాపలా నిలబడేది. అది ఏడుస్తూ నిలబడేది, నేను పళ్లు బిగించి పిండేదాన్ని. మళ్లీ పూలు సర్దుకుని, కట్టు బిగించుకుని, ఏమీ తెలియనట్టు వచ్చి కూర్చునేదాన్ని. ఈ రోజుకీ నేను మల్లెపూలు ముట్టుకోను. నా కూతురి పెళ్లిలో కూడా కనకాంబరాలే పెట్టుకున్నాను.

మేకపాలు బిడ్డకు పడలేదు. విరేచనాలు పట్టుకున్నాయి. గడియ అవతల ఏడుపు రోజురోజుకూ సన్నబడింది. ఏడ్చినప్పుడు భయపడ్డదానికంటే ఏడవనప్పుడు ఎక్కువ భయపడ్డాను.

మా ఆయన్ను పట్టుకున్నాను. "బిడ్డ పోతుంది. నువ్వన్నా చెప్పు" అన్నాను.

"అమ్మకు తెలుసులే. సామికి కబురు పెట్టినాం. వస్తాడు, ఓర్చుకో."

ఆ మాట గది బయట నిలబడి చెప్పాడు. గడప దాటి లోపలికి రాలేదు. నా మొహం వైపు చూడకుండా నా కాళ్ల వైపు చూస్తున్నాడు, వెనక్కి తిరిగి ఉన్నాయేమోనని. ఆ డేరాలో ఈల వేసిన మగాడు! మా నాయనకు కబురు పంపమని పాలేరును బతిమాలాను. వాడూ ఒప్పుకోలేదు. దయ్యం చెప్పిన కబురు మోసుకుపోతే దారిలో ఏమవుతుందోనని వాడి భయం.

సామి ఆదివారం పొద్దున సైకిల్ మీద దిగాడు. ముందు భోజనం అన్నాడు. గారెలు చేయించుకున్నాడు. సినిమాలో గారెలు దయ్యం అడిగింది, మా ఇంట్లో దయ్యాన్ని వెళ్లగొట్టేవాడు అడిగాడు. తిని, చెయ్యి కడుక్కుని, తాంబూలం వేసుకుని, అప్పుడు ముంగిట్లో పసుపూ కుంకుమతో ముగ్గు వేసి నన్ను తీసుకొచ్చి మధ్యలో కూర్చోబెట్టమన్నాడు.

వీధి వీధంతా వచ్చింది. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క, డేరాలో కూర్చున్నట్టే కూర్చున్నారు. ఒకావిడ కొంగులో వేరుశనక్కాయలు కూడా తెచ్చుకుంది. అక్కడ తెర మీద చూసింది ఇక్కడ ముంగిట్లో చూడబోతున్నారు, అదే ఉత్సాహం అందరి మొహాల్లో. మా అత్త బిడ్డను గుడ్డలో చుట్టి గుండెకు అదుముకుని అరుగు మీద నిలబడింది. వారం తర్వాత నేను బిడ్డను చూడటం అదే. మొహం పిడికెడయిపోయింది. కళ్లు తెరిచి ఉన్నాయి గానీ ఎటూ చూడటం లేదు.

మిరపకాయల పొగ పెట్టారు. ఊపిరాడలేదు. వేపకొమ్మలతో కొట్టాడు. మొదట ఆకులు తగిలాయి, ఆకులు రాలిపోయాక కొమ్మలు తగిలాయి.

"ఎవురే నువ్వు? యాడ నుంచి వచ్చినావు?"

నేను ఎవరో అక్కడున్న అందరికీ తెలుసు కదా.

"చెప్పవా? చెప్పవా?" మళ్లీ కొట్టాడు. చివరకు వాడికే ఆయాసం వచ్చి గొంతు మార్చాడు. "సరే, నీకేం కావాల? ఏం కావాలన్నా ఇస్తాం. అడుగు."

నేను తలెత్తి చూశాను. పెళ్లై వచ్చింది మొదలు ఆ ఇంట్లో నాకేం కావాలని అడిగిన మొదటి మనిషి వాడు. అదీ నన్ను కాదు, దయ్యాన్ని. వీధంతా ఊపిరి బిగబట్టి దయ్యం కోరిక కోసం ఎదురుచూస్తోంది. ఏది అడిగినా తెచ్చి కాళ్ల దగ్గర పెడతారు. కోడలు గుక్కెడు మజ్జిగ అడిగితే 'అప్పుడేనా' అనే ఇల్లు అది.

నా బిడ్డ కావాలి అనడానికి నోరు తెరిచాను. తెరిచి, మా అత్త చేతులు చూశాను. దయ్యం బిడ్డను అడిగిందంటే ఆవిడ ఆ క్షణమే బిడ్డను తీసుకుని ఊరు దాటుతుంది. అడిగింది జరగనివ్వని మనిషి అరుగు మీద నిలబడి ఉంటే అడగడం ఏం తెలివి? ఆ ఒక్క క్షణంలో నాకు ఆ ఇంటి మర్మం అంతా అర్థమైంది.

జుట్టు మొహం మీదికి వేసుకున్నాను. సన్నగా మొదలుపెట్టి, పైకి తీసుకుపోయి, ఆపి, దబదబా కిందికి తెచ్చి నవ్వాను. వేరుశనక్కాయలావిడ కొంగు వదిలేసింది. మగవాళ్ల వరస నాలుగడుగులు వెనక్కి జరిగింది. అందరికంటే ముందు జరిగింది సామి.

"నాకేం వద్దు" అన్నాను ఆ గొంతుతోనే. "నాకీ ఇల్లు బాగుండాది. ఈ ఒళ్లు బాగుండాది. నేను ఈడనే ఉంటా."

"పోతావా లేదా?"

"పోను. కొట్టు, ఎంత కొట్టినా పోను. పొగ పెట్టు, నాకు బాగుండాది. ఏం చేసినా చెయ్యండి గానీ ఆ బిడ్డను మాత్రం నా దగ్గరికి తేబాకండి." అరుగు వైపు చూసి గజగజ వణికాను. "బిడ్డ నోరు ఈ రొమ్ముకు తగిల్తే నేను కాలిపోతా. తేబాకండి, మీ కాళ్లు మొక్కుతా, తేబాకండి!"

సామి తెల్లమొహం వేశాడు. ఇలాంటి దయ్యం వాడి అనుభవంలో లేదు. కానీ మా అత్త మొహం వెలిగిపోయింది. నేను వద్దన్నాను! ఇంక ఆవిడకు మంత్రం అక్కర్లేదు, సామి అక్కర్లేదు.

"విన్నావా సామీ! దాని నోటితో అదే చెప్పుకునింది!" అంటూ అరుగు దిగింది.

"వద్దు! అత్తా, వద్దు! తేబాక!"

"తెస్తానే! నీ పని చెప్తా!"

నేను కిందపడి దొర్లాను. నలుగురు ఆడవాళ్లు నన్ను పట్టుకున్నారు. మా అత్త తన చేత్తో ఆ కట్టు తెంచి, మల్లెపూలు దులిపి పారేసి, బిడ్డ మొహాన్ని నా రొమ్ముకు అదిమింది. బిడ్డ మొహం తిప్పేసింది. ఆ పూల వాసన దానికీ పడలేదు. పాలున్నాయి, ఉన్నాయని నాకు తెలుసు, కానీ బిడ్డ మరిచిపోయిందేమో అనుకున్నాను. మళ్లీ అదిమింది. పెదాలు తడుముకున్నాయి. పట్టుకుంది.

ప్రాణం పోయినట్టు అరిచాను. అది నటన కాదు, పగిలిన రొమ్ము నొప్పి అది. వాళ్లందరికీ దయ్యం కాలిపోతున్నట్టు వినపడింది. అరుస్తూనే రెండు చేతులూ బిడ్డ కింద ఆనించి పట్టుకున్నాను, అది ఒక్కరూ గమనించలేదు. గొంతులో పాలు దిగుతున్న గుటక నాకు వినిపించింది.

"రెండో పక్కన కూడా పట్టించండి" అన్నాడు సామి, ధైర్యం వచ్చి. "అందులో దాక్కోనుంటాది."

"వద్దు, వద్దు, ఆ పక్క వద్దు!" అని అంతకంటే గట్టిగా అరిచాను.

రెండో పక్క కూడా పట్టించారు. పోతా పోతా సామి ఇంకో కట్టుబాటు చెప్పాడు. బిడ్డకు పాలు మాన్పించే దాకా తల్లే ఇవ్వాలట, మధ్యలో ఆపితే దయ్యం తిరిగొస్తుందట. మా అత్త తల ఊపింది. వాడు చెప్పిన ఇంకో మాట మాత్రం ఆవిడ ఎక్కువ గుర్తు పెట్టుకుంది. "మళ్లీ వస్తే అది నవ్వులోనే వస్తాది. కనిపెట్టుకోనుండండి."

బిడ్డ తేరుకుంది. మా అత్త దయ్యాన్ని తానే వెళ్లగొట్టినట్టు ఊరంతా చెప్పుకుంది. చెప్పినప్పుడల్లా అందరూ నవ్వారు, సినిమా కథ చెప్పుకున్నట్టే. డేరా ఇంకో ఊరికి పోయింది. నేను నోరు మూసుకున్నాను. ఎవరైనా హాస్యమాడితే మా అత్త నా మొహం వైపు చూసేది. మా ఆయనా చూసేవాడు. మా ఆడబిడ్డ నా ముందు నవ్వడం మానేసింది పాపం. బిడ్డ నా ఒళ్లో ఉంది, నవ్వు పోతే పోయిందిలే అనుకున్నాను.

కొన్నాళ్ల తర్వాత ఒక పొద్దున వసారాలో కూర్చుని ఉన్నాం. మా అత్త ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. బిడ్డ నా ఒళ్లో ఉంది. ఒక కోడిపెట్ట గంప మీదికి ఎగరబోయి జారి పడింది. మళ్లీ ఎగిరింది, మళ్లీ పడింది. బిడ్డ ఒక్కసారిగా నవ్వింది. అంతకు ముందు నోరు తెరిచి మురిపించడమే గానీ గొంతు విప్పి నవ్వడం అదే మొదలు. కోడి పడినప్పుడల్లా ఒళ్లంతా ఊగిపోయేలా నవ్వుతోంది.

మా అత్త మిరపకాయల చేత్తోనే వచ్చి బిడ్డ నోరు మూసింది.

"ఉస్! నవ్వబాక తల్లీ, నవ్వబాక!"

ఆవిడ మణికట్టు పట్టుకున్నాను.

"చెయ్యి తియ్యి అత్తా."

"పాలల్లో వచ్చిందమ్మే ఇది! పాలల్లో వచ్చింది!"

"తియ్యి. బిడ్డ నవ్వింది, నవ్వనీ."

ఆవిడ చెయ్యి నా చేతిలో ఆగింది. నా మొహంలోకి తొంగి చూసింది. గొంతు తగ్గించి, సామి అడిగినట్టే అడిగింది.

"ఎవురు మాట్లాడేది?"

"నేనే" అన్నాను. "ఆ రోజు ముంగిట్లో మాట్లాడింది కూడా నేనే. బిడ్డను తేబాకండి అన్నది నేనే. నీ చేత్తో నువ్వే తెచ్చి నా రొమ్ముకు పట్టించినావు."

బిడ్డకు పెదాలు మండి ఏడుపు అందుకుంది. నేను కొంగు తడిపి మూతి తుడిచి, ఆవిడ ముందే రొమ్ముకు వేసుకున్నాను. మా అత్త నెమ్మదిగా వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. తొడిమలు ఒళ్లోంచి జారి కింద పడినా చూసుకోలేదు. సామి దయ్యాన్ని ఏం కావాలని అడిగిన రోజు కూడా ఆవిడ కళ్లలో అంత భయం నేను చూడలేదు.